పొయ్యితో మాట్లాడిన అత్తగారు

మా అత్తగారు పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పొద్దున్నే కొట్టు షట్టరెత్తి, అగరొత్తి వెలిగించి ఫోన్ చూసుకుంటే, బంధువుల గ్రూపులో మా బావమరిది పెట్టిన ఫోటో కనిపించింది. బంతిపూల దండ బొమ్మ మధ్యలో ఆవిడ ముఖం, అటూ ఇటూ రెండు దీపాలు. కింద నాలుగు వాక్యాలు: “మా అమ్మగారు శాంతమూర్తి. మితభాషి. నోట్లో నాలుక లేని మనిషి. అల్లుడి ముందు ఏనాడూ నిటారుగా నిలబడని మర్యాదస్తురాలు.” సొంత అక్కకి ఫోన్ చేసి చెప్పేలోపే ఈ నాలుగు వాక్యాలూ అల్లడానికి అతనికి తీరిక దొరికింది. నేను షట్టర్ దించి ఇంటికెళ్ళి చెప్పేదాకా మా ఆవిడకి తన తల్లి పోయిందని తెలియదు.

దండాలు పెట్టిన చేతులు గ్రూపు నిండా వరసకట్టాయి. ఆవిడ ఎలా ఉందో బతికుండగా ఒక్కసారి అడగనివాళ్ళు కూడా ఆత్మశాంతి కోరారు. వీళ్ళకి వేలు నొక్కడమే పలకరింపు. సరే, ఎవరి ఓపిక వాళ్ళది. కానీ నోట్లో నాలుక లేని మనిషట. ఆ నాలుక నెల రోజులపాటు నా వీపు మీద చింతబరికెలా ఆడింది. ఆ దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి, ఆ నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళని పొగడొచ్చు. కాకపోతే వాళ్ళెవరో ముందు తెలిసుండాలి.

మా పల్నాడులో పాతతరం అత్తలు చాలామంది అల్లుడితో నేరుగా మాట్లాడేవాళ్ళు కాదు. మా అత్తగారిది వినుకొండ దగ్గర మిరప పండించే పల్లెటూరు. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ తల మీద కొంగు కప్పుకుని తలుపు చాటునే ఉండేది. నాతో చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే దగ్గరలో ఏ వస్తువుంటే దానికి చెప్పేది. “ఏమే చెంబూ, కాళ్ళు కడుక్కోమను.” “ఏమే పళ్ళెమా, ఇంకో ముద్ద పెట్టించుకోమని చెప్పు.” చెంబుకీ పళ్ళేనికీ నేను జవాబు చెప్పకూడదు. అదీ మర్యాదే. నా జవాబేదో మా ఆవిడకి చెబితే, అది తలుపు అవతలికి చేరేది. తప్పనిసరై నా ముందునుంచి వెళ్ళాల్సి వస్తే నడుం వంచి, నేల చూస్తూ, గోడవారగా జారుకునేది. “అల్లుడంటే ఎంత భయభక్తులో చూడండి” అనేవాళ్ళు చుట్టాలు. కాదనడానికి నాకేం పట్టింది? అత్తింట్లో భయభక్తులు ఏ అల్లుడికి చేదు?

రెండేళ్ళ కిందట మా ఆవిడకి గర్భసంచి తీసేసే ఆపరేషన్ అయింది. నెల రోజులు పూర్తిగా విశ్రాంతి, వంగకూడదు, ఆ తర్వాత కూడా బరువులు ఎత్తకూడదు, నీళ్ళ క్యాను జోలికి అసలు పోకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. లోపలి కుట్లు తెగితే మళ్ళీ మొదటికొస్తుందని కూడా చెప్పింది. నరసరావుపేటలో మేముండేది రెండో అంతస్తు. మంచినీళ్ళ ఆటోవాడు క్యాన్లు గేటు దగ్గర దించేసి పోతాడు. నేను పొద్దున్నే కొట్టుకి వెళ్ళిపోతాను కాబట్టి ఆ క్యాన్లు మెట్లెక్కించడం మా ఆవిడ పని. మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉంది. మన ఇళ్ళల్లో ఆడమనిషి పడకేస్తే తెలిసిన వైద్యం ఒకటే, ఇంకో ఆడమనిషిని పిలిపించడం. నేనూ అదే చేశాను.

అత్తగారు వినుకొండ బస్సు దిగింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో పండుమిరపకాయ పచ్చడి డబ్బా. హమ్మయ్య, ఇంక వంట సంగతి చూసుకోనక్కర్లేదని నేను నిశ్చింతగా పడుకున్నాను. మర్నాడు పొద్దున లేచి, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చుని కాఫీ కోసం ఎదురుచూశాను. పేపరు అయిపోయింది. వంటింట్లోంచి చప్పుడు లేదు. మా పడగ్గది గుమ్మం వంటింటికి ఎదురుగా ఉంటుంది. ఆ గుమ్మంలో కర్టెను వెనక పీట వేసుకుని కూర్చుంది ఆవిడ. కాసేపటికి కర్టెను వెనకనుంచి మాట వినిపించింది.

“ఏమే పొయ్యీ, తెల్లారి ఇంతసేపయినా చల్లగా ఉన్నావేందే? నిన్ను ముట్టించేవాళ్ళకి చేతులు పడిపోయినయ్యా?”

మంచం మీదనుంచి మా ఆవిడ నవ్వు. “అమ్మా, నవ్వించొద్దే, కుట్లు లాగుతున్నయ్.”

పొయ్యిని తిట్టిందా, నన్ను తిట్టిందా అన్న అనుమానం నాకు రాలేదు. మా ఇంటి పొయ్యి గ్యాసుది. పాపం, దానికేం తెలుసు. లేచి వెళ్ళి ముట్టించాను. పాలు పెట్టి ఫోన్ చూస్తున్నాను. పాలు పొంగి పొయ్యంతా పారాయి. “ఏమే పాలూ,” అంది కర్టెను, “పొంగేటప్పుడు చెప్పి పొంగొచ్చు గదే. ఆయనగారు ఫోన్లో ఉండారు.”

ఆవిడ బొడ్లో ఒక ఇత్తడి వక్కల డబ్బా ఉండేది. నేను తప్పు చేస్తే ఆ డబ్బాతో గుమ్మం మీద టకటకా కొట్టేది. మాట తర్వాత, ముందు డబ్బా. ఉల్లిపాయ మాడితే టకటక. చెత్తబుట్ట మూత పెట్టకపోతే టకటక. డబ్బా మోగలేదంటే పని సరిగ్గా అయినట్టు. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు. మొదటి రోజుల్లో మా గుమ్మం డప్పులా మోగింది. కింది వాటా వాళ్ళు ఇంట్లో వడ్రంగి పనేమైనా జరుగుతోందా అని అడిగారు.

నేను పురుగుమందుల కొట్టు నడుపుతాను. రాజుపాలెం నుంచి కూడా రైతులు వచ్చి, ఏ తెగులుకి ఏది కొట్టాలి, ఎంత కలపాలి అని నన్నే అడుగుతారు. ఊళ్ళో అంతో ఇంతో గౌరవం ఉంది. ఆ గౌరవం వంటింటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు ఆవిడ గరిటెని నిలదీసింది. “ఊరందరి చేలకీ మందు కొలిచిచ్చే చెయ్యే గదే గరిటా, చారెడు పప్పుకి ఉప్పు కొలవలేదంటనా?” పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలుపుకుని నేను గంతులేస్తుంటే కూడా జాలి లేదు. “ఏమే మిరపకాయా, నీ పేరు చెప్పుకుని బతికే మనిషికి నువ్వే కొత్తంటగదే.” ఆ తర్వాతే, కోసేముందు చేతులకి నూనె రాసుకోవాలన్న ముక్క మా ఆవిడ ద్వారా అందింది. ముందు తిట్టు, తర్వాత పాఠం. బళ్ళో నాకు చెప్పినవాళ్ళు తిట్టి ఊరుకునేవాళ్ళు. అందుకే వాళ్ళు చెప్పినవి మర్చిపోయాను, ఈవిడ చెప్పినవి గుర్తున్నాయి.

చిన్న చిన్న సంగతులే అవి. పప్పు ఉడక్కముందే చింతపండు పులుసు పోస్తే పొద్దుగూకేదాకా పొయ్యి మీదున్నా పప్పు గుళ్ళలాగే ఉంటుంది. నేను పోశాను, ఆ రోజు ఇద్దరు ఆడవాళ్ళకీ పెరుగన్నమే దిక్కైంది. ఇల్లు తడిగుడ్డ పెట్టేటప్పుడు వెనక్కి వెనక్కి నడవాలి. నేను ముందుకు నడిచి, తుడిచిందంతా తొక్కుకుంటూ వచ్చాను. “ఏమే నేలా, కడిగించుకున్నావు, తొక్కించుకున్నావు, నీ బతుకూ ఆడదాని బతుకేనే” అంది. వంట అయిపోయిందని నేను గర్వంగా ప్రకటించిన రోజు డబ్బా మోగింది. ఏమైందో నాకర్థం కాలేదు. “ఏమే మసిగుడ్డా, నిన్ను ఉతికి ఆరేసిందాకా వంటైనట్టు కాదని తెలవదంటనా?” ఇప్పటికీ మసిగుడ్డ తీగ మీద ఆరితేగాని నాకు అన్నం సహించదు.

రెండో వారంలో ఓపిక నశించి, పనిమనిషిని పెట్టుకుందామని మా ఆవిడతో అన్నాను. కర్టెను వినేసింది. “ఏమే చీపురూ, ఆ వచ్చేదాని నడుం ఇనపదంటనా? దాన్ని మాత్రం అమ్మ కనలేదంటనా?” ఆ తర్వాత పనిమనిషి ఊసు నేను ఎత్తలేదు.

ఇక పరామర్శకి వచ్చేవాళ్ళు. రోగిని చూడ్డానికి వచ్చి, రొట్టె ప్యాకెట్టు మంచం మీద పడేసి, తమ ఆపరేషన్ల కథలు చెప్పి, టీ తాగి, పకోడీలుంటే అవీ తిని, రోగికి నీరసం తెప్పించి పోయే జాతి ఒకటుంది. మా పిన్ని ఆ జాతికి పెద్ద. సత్తెనపల్లినుంచి వచ్చి కూర్చుని, నేను సింకు దగ్గర గిన్నెలు తోముతుంటే చూసి గుండెలు బాదుకుంది.

“ఏంది వదినా, నువ్వు బండరాయిలాగా ఉండి మావాడి చేత అంట్లు తోమిస్తన్నావా? మగాడు, కొట్టు కాడ ఎంత మర్యాదగల మనిషి. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

వియ్యపురాలితో అత్తగారు నేరుగానే మాట్లాడొచ్చు. డబ్బా కూడా తియ్యకుండా చాలా నెమ్మదిగా చెప్పింది. “నేనుండేది నెల్రోజులే గదా వదినా. నేను పొయ్యాక రోజూ నువ్వొచ్చి తోమి పోతావా? వస్తానంటే చెప్పు, ఇప్పుడే ఆయన చేత మానిపిస్తా.”

మా పిన్ని టీ చల్లారకముందే తాగేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ నెలలో కనపడలేదు. ఆ కప్పు కూడా నేనే తోమాను.

అప్పటికి నాకు కోపం తగ్గలేదు. ఈవిడ ఒంట్లో ఓపికుండి కూడా కూర్చుని నన్ను ఆడిస్తోందనే అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం నేను వంటింట్లో గోరుచిక్కుళ్ళు వలుస్తున్నాను. లోపల మా ఆవిడ, బాత్రూంలో బకెట్టు తానే నింపుకుంటానని, ఇప్పుడు బాగానే ఉందని తల్లితో అంటోంది. డబ్బా గట్టిగా మోగింది. ఈసారి నా కోసం కాదు.

“నాకూ బాగానే ఉందనుకున్నానే,” అంది అత్తగారు. “మీ తమ్ముడు పుట్టినాక క్యాంపులో పిల్లలాపరేషన్ చేయించుకుని ఎద్దులబండిలో ఇంటికొచ్చా. నాలుగోనాడు బిందె ఎత్తా. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉంటే ఇంట్లో కూర్చోడానికి సిగ్గేసింది. ఏటినుంచి వరసగా నీళ్ళు మోశా. వారం తిరక్కుండా గర్భసంచి జారింది. ఇంక లోపలికి పోలా. నిలబడితే బరువు, నడిస్తే ఒరుపు. వంగి నడిస్తే కొంచెం నయం.”

మా ఆవిడ, “నాన్నకి చెప్పలేదా అమ్మా?” అంది.

“మీ నాన్న మంచోడే. అడగలా, అంతే. అడక్కుండా ఎట్టా చెప్పేది, అట్టాంటి సంగతి?” ఆ ‘మంచోడే’ అన్న మాట ఆవిడ వక్క ఉమ్మినట్టు అంది.

నా చేతిలో గోరుచిక్కుడు చేతిలోనే ఉంది. ఇన్నేళ్ళూ నా ముందు ఆ మనిషి వంగి నడిచింది నా మీద గౌరవంతో కాదు. నన్ను చూసి కాదు. ఒక మనిషి ఒంట్లో బాధని మేమంతా కలిసి మర్యాద అని పేరు పెట్టి మెచ్చుకున్నాం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కోడళ్ళకి చూపించి నేర్చుకోమన్నాం. ఇంత తెలివితక్కువ పని గొడ్లు కూడా చెయ్యవు, అవి కుంటుతున్న గొడ్డుని చూసి దండం పెట్టవు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తానని ఆ సాయంత్రమే మా ఆవిడతో చెప్పించాను. “ఏమే కర్టెనూ, నన్ను చూడ్డానికి డాక్టర్లెందుకు. ముందు నీళ్ళ క్యాను గేటు కాడే ఉందని చెప్పు” అని జవాబొచ్చింది. అంతకు మించి ఆ సంగతి కదలనివ్వలేదు. నేను దిగి వెళ్ళి క్యాను భుజాన వేసుకుని మెట్లెక్కాను.

ఆ రోజునుంచి నేను తిట్టించుకోవడం మానలేదు గాని, సణుక్కోవడం మానేశాను. ఆవిడ వచ్చింది కూతురికి వండిపెట్టడానికి కాదు. తను వెళ్ళిపోయాక కూతురు బిందె ఎత్తకుండా చూడ్డానికి. దానికి ఉన్న దారల్లా నేను పనికొచ్చే మనిషిని కావడమే. అందుకు నేను యోగ్యుణ్ణన్న నమ్మకం ఆవిడకి వీసమెత్తు లేదు. ఉన్న సరుకుతోనే సర్దుకుంది.

నెల తిరిగింది. వెళ్ళే రోజు నేను దోసకాయ పప్పు చేశాను. కర్టెను వెనక కూర్చుని ఆవిడ తింది. చేయి కడుక్కున్నాక పళ్ళేన్ని చూసి, “ఏమే పళ్ళెమా, ఇయ్యాల్టిది మనిషి తినొచ్చు” అంది. నా జీవితంలో నాకొచ్చిన శాలువాలన్నీ కలిపినా ఆ మాటకి సరిపోవు. శాలువాలు కప్పేది పురుగుమందుల కంపెనీవాళ్ళు. వాళ్ళకి మనుషులు తినే తిండితో పనేముంది.

బస్టాండుకి నేనే తీసుకెళ్ళాను. వినుకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని అటు తిరిగింది. బస్సు కదులుతుంటే కిటికీ ఊచతో అంది. “ఏమే ఊచా, ఆ నీళ్ళ సంగతి నేనుండంగనే గాదు, నేను పొయ్యాక గూడా గుర్తుండాలని చెప్పు.” ఊచకి జవాబు చెప్పకూడదు కాబట్టి నేను చెప్పలేదు. తలూపాను. ఆవిడ అటు తిరిగి ఉంది, చూడలేదు.

తర్వాత రెండేళ్ళూ ఫోన్ చేసినప్పుడల్లా అన్ని కబుర్లూ అయ్యాక చివర్లో ఒకటే ప్రశ్న. “నీళ్ళెవరు మోస్తన్నారే?”

“ఆయనే అమ్మా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“నువ్వు మొగుణ్ణి ఎనకేసుకొస్తావులే” అని పెట్టేసేది. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది, మంచివాళ్ళని చూసి చూసి ఉన్న మనిషి. ఫోన్ తీసుకుని నేనే చెబుదామని చాలాసార్లు అనిపించింది. మర్యాద అడ్డొచ్చేది. పనికిమాలిన మర్యాద. పొయ్యితో, నేలతో, మసిగుడ్డతో మాట్లాడిన మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాను.

మేము ఊరు చేరేసరికి వాకిట్లో షామియానా వేసి ఉంది. గేటుకి ఫ్లెక్సీ కూడా వచ్చేసింది, అవే నాలుగు వాక్యాలు, ఈసారి పెద్ద అక్షరాల్లో. మా బావమరిది వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఎంత అణకువగా ఉండేదో వివరిస్తున్నాడు. అల్లుణ్ణని నాకు ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరసలో, ఫ్యాను ఎదురుగా చోటిచ్చారు. కుర్రాళ్ళు గోడవార నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు.

స్నానం వేళ అయింది. ఊళ్ళో పెద్దావిడ ఒకామె, “కూతురు బిందెతో నీళ్ళు తేవాల, కూతురెక్కడమ్మా?” అంది. మా ఆవిడ ఏడుస్తూనే లేచి కొళాయి దగ్గరికి వెళ్ళింది. బిందె నిండింది. నడుం వంచి రెండు చేతులూ వేసింది. వాకిట్లో అంతమందీ చూస్తున్నారు, ఒక్కరూ కదల్లేదు. తల్లి మీద ప్రేమ అంటే ఇదీ అన్నట్టు చూస్తున్నారు.

నేను లేచి వెళ్ళి ఆ చేతులు తీయించి బిందె ఎత్తుకున్నాను.

“బావా, మీరేంది, మీరు కూర్చోండి,” అంటూ వచ్చాడు బావమరిది. “అల్లుడు నీళ్ళు మొయ్యడమేంది? ఊళ్ళో నలుగురూ నవ్వుతారు.”

“నవ్వనీ” అన్నాను. “నవ్వడానికైతే వస్తారుగా.”

ఆడవాళ్ళు ఇంకా చీరలు అడ్డం పట్టలేదు. ఆవిణ్ణి వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. బల్ల చాల్లేదు, పాదాలు అవతలికి వచ్చాయి. మా అత్తగారు అంత పొడుగు మనిషని నాకు తెలియదు. ఎప్పుడూ సగమే చూశాను. మొదటిసారి ఆవిడ నా ముందు నిటారుగా ఉంది, తల మీద కొంగు లేదు.

బిందె ఆవిడ పక్కన దించాను. చుట్టూ ఎవరున్నారో చూడలేదు. మనిషితో నేరుగా మాట్లాడే అలవాటు మా ఇద్దరికీ లేదు, ఇప్పుడెక్కడొస్తుంది. బిందె అంచు పట్టుకుని దానితోనే అన్నాను.

“ఏమే బిందే, నీళ్ళు ఇంకా నేనే మోస్తన్నానని చెప్పు. ఆమె చేత ఎత్తించలేదని చెప్పు. ఒట్టు.”

కాసేపు అక్కడే నిలబడ్డాను. డబ్బా మోగలేదు.